ఒకటో నంబరు రాయి

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం, భోజనం చేసి బాల్కనీలో కుర్చీ వేసుకుని నేను కునుకు కోసం చూస్తుంటే, మా తోడల్లుడు తన సైకిలు జట్టందరికీ పంపిన ఒక ఫొటో నా ఫోనుకీ వచ్చింది. ఆయన ఉండేది జూబ్లీహిల్స్‌లో, నేనుండేది ఫిల్మ్‌నగర్‌లో. నలభై అయిదు దాటాక చక్కెర జబ్బు భయంతో సైకిలెక్కిన మనిషి, ఏడాది తిరిగేసరికి తనలాంటి వాళ్లనీ, పిల్లల వయసు వాళ్లనీ కూడా పోగేసి, ఆదివారం వచ్చిందంటే చాలు తెల్లవారకముందే చెక్‌పోస్టు దగ్గర కలుసుకుని, పొలాల మధ్య నుంచి పాత ఊళ్లు చూసుకుంటూ పోయి, ఎండెక్కే వేళకి తిరిగొచ్చే అలవాటు చేశాడు. ఏ ఊళ్లో ఏ బురుజు ఉంది, ఏ గుడి మంటపం మీద ఏ బొమ్మ ఉంది అని కనుక్కోవడం ఆయనకి సైకిలు తొక్కడం కంటే ఇష్టం.

ఫొటోలో ఒక ఇంటి గడప ముందు మెట్టుగా వేసిన నల్లరాయి ఉంది. దాని మీద సున్నంతో ఏడు అంకె, అంకె నడుముకి అడ్డంగా ఒక గీత. కింద మా తోడల్లుడు రాసిన మాటలు: ఈ ఊళ్లో ఇంటింటికీ ఇలాంటి రాయి ఒకటుంది, రాయి రాయికీ నంబరుంది, ఊళ్లో పిల్లల్నడిగితే తెలీదన్నారు, ఎందుకో చెప్పినవాళ్లకి వచ్చే ఆదివారం టిఫిను నా ఖర్చు. ఇక చూడండి, సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. నిజాం కాలంలో భూములు కొలిచినప్పుడు పాతిన హద్దురాళ్లని ఒకరు, పాత సమాధుల రాళ్లని పళ్ల డాక్టరమ్మ ఒకావిడ, ఊరి కాపలాకి ఇంటి వంతులు వేసుకున్న గుర్తులని మరొకరు. పొద్దుగూకే వేళకి అసలు చిక్కుప్రశ్న తేలింది. అందరి ఫొటోలూ కలిపి చూస్తే రెండు నుంచి వరసగా నంబర్లు దొరుకుతున్నాయి గానీ ఒకటి మాత్రం ఎక్కడా లేదు. "రెండుతో మొదలుపెట్టే లెక్క ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అన్నయ్యా?" అని మా తోడల్లుడు నాకు విడిగా ఫోను చేసి మరీ అడిగాడు. తెలీదన్నాను.

తెలుసు. ఏడు నడుము మీద ఆ గీత నాది. ఒకటో నంబరు రాయి, నేను ఫోను పట్టుకుని కూర్చున్న కుర్చీకి చేయి చాపితే అందేంత దూరంలో, మా ఆవిడ తులసి కుండీ కింద ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. తెనాలి దగ్గర మా ఊళ్లో డిగ్రీ అయిందనిపించి, బొమ్మలు బాగా వేస్తాననే ఒక్క ధైర్యంతో మా మేనమామ దగ్గరికి వచ్చాను. మామయ్య సినిమాలకి కళాదర్శకుడు. అప్పటి ఫిల్మ్‌నగర్ ఇప్పటి మేడల ఫిల్మ్‌నగర్ కాదు. బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య రేకుల షెడ్లూ, షెడ్లలో రంపప్పొట్టూ, ప్లాస్టరాఫ్ పారిస్ తెల్లదుమ్మూ. మధ్యాహ్నం దాకా రాజదర్బారు కట్టిన వడ్రంగి, భోజనాలయ్యాక అదే చెక్కతో పోలీసుస్టేషను కట్టేవాడు. నాకు బోరబండలో మరో ఇద్దరితో కలిసి కిరాయి గది, రాకపోకలకి మామయ్య పాత సైకిలు.

ఆ సైకిలు రాకపోకలకే కాదని వారం తిరక్కుండా తెలిసింది. కథలో పల్లెటూరు ఉందంటే, ఆ పల్లెటూరు వెతికే పని మామయ్య నాకు అప్పజెప్పేవాడు, అదీ సైకిలు మీదే. "కార్లో పోయినవాడికి ఊరు కనపడదురా, ఊరి బోర్డు కనపడుతుంది" అనేవాడు. సైకిలుతోపాటు ఒక వెదురు గడ కూడా ఇచ్చాడు. జెనరేటరు బండి ఎంత ఎత్తో ఆ గడ అంత ఎత్తు, కొసన ఎర్రగుడ్డ. ఊరు ఎంత అందంగా ఉన్నా ఆ బండి లోపలికి పోకపోతే దీపాలు వెలగవు, దీపాలు వెలగకపోతే ఆ ఊరు మాకు లేనట్టే. అందుకని దారికడ్డంగా కొమ్మ వచ్చినా, కమాను వచ్చినా దిగి, గడని నిటారుగా నిలబెట్టి చూడాలి. సైకిలు బారుకి కట్టిన గడ ముందుకీ వెనక్కీ బారెడు బారెడు పొడుచుకొచ్చేది. పిల్లలు వెంటపడి, చేపలు పడతవా అన్నా, చింతకాయలు దులుపుతవా అని అడిగేవారు.

మన వయసు వాళ్లకి ఆ దారులు చెబితే నమ్ముతారు, ఇప్పటి పిల్లలు నమ్మరు. షేక్‌పేట దిగి నార్సింగి దాటితే ఇక ఊరు అయిపోయినట్టే. కోకాపేట వైపు ద్రాక్షతోటలు, గండిపేట చెరువు మీంచి మొహానికి కొట్టే చల్లగాలి, శంకర్‌పల్లి రోడ్డెక్కాక రెండు పక్కలా జొన్నచేలూ, ఎర్రమట్టీ, ఈతచెట్లూ. మైలుకో ఊరు, ఊరికో వింత. ఒక ఊళ్లో కూలిన దొరల గడి గోడల మధ్య బర్రెలు కట్టేసి ఉండేవి. ఇంకో ఊళ్లో బురుజు మీద ఎవరో మిరపకాయలు ఆరబోసుకునేవారు. కృష్ణా కాలవల పక్కన పుట్టినవాణ్ని, రాయితో కట్టిన ఊళ్లు నాకు కొత్త. ప్రతి రాయినీ ముట్టుకుని చూసేవాణ్ని, ఎవరు కట్టారని అడిగేవాణ్ని. ఎవరో ఎప్పుడో కట్టిన్రు, అనేవారు.

అలా దొరికిందే ఆ ఊరు. పేరు రాయను. ఊరి మొగదలలో నల్లరాతి కమాను, ఎద్దులబండి పట్టేంత వెడల్పు, నడినెత్తిన బిగించిన రాయి మీద ఎనిమిది రేకుల పువ్వు. దాని కింద నుంచి ఒక ముసలామె గడ్డిమోపు ఎత్తుకుని వస్తుంటే సినిమా మొదటి దృశ్యం నాకు అక్కడే కనపడిపోయింది. గడ నిలబెట్టాను. కమాను జానెడు తక్కువయింది.

మామయ్య వచ్చి చూశాడు. ఆయనకీ కళ్లు మెరిశాయి. నన్ను ఒకే మాట అడిగాడు, బండి రావడానికి ఇంకో దారి లేదా అని. చెరువు కట్ట వెంబడి చింతచెట్ల కిందుగా ఒక బండిదారి వెనక్కి పోవడం అంతకు ముందురోజు నేను చూశాను. మిట్టమధ్యాహ్నం, ఆకలి, ముందు చక్రంలో గాలి తక్కువ. అది ఎక్కడికి పోతుందో చూసి రాలేదు. లేదు మామయ్యా, అన్నాను.

కమాను విప్పాలంటే ఊరి పటేలు తాత ఒప్పుకోవాలి. ఆయన మా మాటలన్నీ విని, మామయ్యని వదిలేసి నా వైపు తిరిగాడు.

"తీస్తే తీస్తరు గని, మల్ల గిట్లనే పెడ్తరా?"

పెడతామండీ, రాయి రాయికీ నంబరు వేసి మరీ తీస్తాం, అన్నాను.

"పెడ్తం అంటే ఎవలు? నువ్వు పెడ్తవా?"

"నేనే పెడతానండీ."

ఆ మాటకి ఆయన తలాడించాడు. కంపెనీకి కాదు, మామయ్యకి కాదు, నాకు తలాడించాడు.

నంబర్లు నేనే వేశాను. విప్పేటప్పుడు నడినెత్తి రాయి ముందు రావాలి గనక పువ్వురాయి ఒకటి, దానికి అటూ ఇటూ ఆనుకున్నవి రెండూ మూడూ, అలా నేల దాకా. రాయి తలకిందులైతే ఒకటీ ఏడూ కలిసిపోతాయని మా షెడ్డులో ఏడుకి నడుమ గీత పెట్టడం ఆచారం. పటేలు తాత కోడలు అప్పుడే కాపురానికి వచ్చిన పిల్ల, గడపలో నిలబడి చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేసింది. "గా ఏడుకు మొలతాడు కట్టిన్రేంది సారూ?" ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పువ్వురాయిని అచ్చు తీయడానికి ఫిల్మ్‌నగర్ తెచ్చుకున్నాం. బండి లోపలికి పోయాక, కమాను ఉన్న చోటే గోనెగుడ్డా ప్లాస్టరూ కలిపి అచ్చంగా అలాంటిదే, బండి తిరిగి బయటికి పోయేంత ఎత్తున నిలబెట్టాం. రెండు రోజులు చిత్రీకరణ జరిగిందో లేదో వానలు పట్టుకున్నాయి, తర్వాత కథానాయికకి తీరిక లేకపోయింది, మిగిలిన దృశ్యాలు అదే అచ్చుతో స్టూడియోలో ఇంకో కమాను కట్టి తీసేశారు. సినిమా వచ్చింది, పోయింది. ఆ ఊరి రాళ్ల సంగతి చూడరా అని మామయ్య రెండుమూడుసార్లు గుర్తుచేశాడు. వచ్చే వారం అన్నాను, ఈ సెట్టు అయ్యాక అన్నాను. కొన్నాళ్లకి వెళ్లాలంటే మొహం చెల్లకుండా పోయింది. ఇంకొన్నాళ్లకి ఆ రోడ్డు వైపు చూడ్డమే మానేశాను.

ఫిల్మ్‌నగర్‌లో పాతవాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఇప్పటికీ చెప్పుకుంటారు, ఫలానా ఆయన ఒక్క షాటు కోసం ఊరి కమాను పడగొట్టించి పారిపోయాడని. ఫలానా ఆయన అంటే మా మామయ్య. ఆయన నాలుగేళ్ల కిందట పోయాడు. ఉన్నన్నాళ్లూ ఆ మాట పడ్డాడే గానీ, ఇంకో దారి లేదని చెప్పింది మా మేనల్లుడేనని ఒక్కనాడు అనలేదు. ఇది చదివే పాతవాళ్లు ఎవరైనా ఉంటే ఇకనైనా సరిగ్గా చెప్పుకోండి. అడగాల్సిన ప్రశ్న మామయ్య అడిగాడు. చూడకుండా జవాబు చెప్పింది నేను. ఆయన షెడ్డు ఖాళీ చేసిననాడు మూలన తలుపుకి అడ్డం పెట్టిన పువ్వురాయి కనపడితే ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాన్ని కడిగి, తులసి కుండీ పెట్టుకుంది.

మా తోడల్లుడి జట్టుతో నేనూ అప్పుడప్పుడూ సైకిలు తొక్కేవాణ్నే గానీ గండిపేట దగ్గరే వెనుదిరిగేవాణ్ని. అన్నయ్య మోకాలికి శంకర్‌పల్లి రోడ్డు పడదు అని ఆయన వేళాకోళం. ఆ ఫొటో చూశాక మాత్రం మోకాలి మాట ఎత్తలేదు. భయం కంటే కుతూహలం ఎక్కువైంది. సినిమా రంగు రెండు వానలకి పోతుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ ఏడు మీద గీత ఎవరు పెట్టారు? రాళ్లు ఇంటింటికీ ఎలా వెళ్లాయి?

తర్వాతి ఆదివారం బయల్దేరాం. ద్రాక్షతోటలుండే చోట తలెత్తితే మెడ నొప్పి పుట్టే అంతస్తులు. గండిపేట గాలి మాత్రం అదే. శంకర్‌పల్లి దాటి ఊరు ఇంకా రాకముందే జట్టంతా ఒక చిన్న రోడ్డులోకి తిరిగింది. పక్కన చెరువు కట్ట, పైన చింతచెట్లు. ఇదెటు పోతుందని అడిగితే, ఫోను ఇదే చూపిస్తోంది అన్నయ్యా, పాత బండిదారట, ఊరి నడిబొడ్డుకి తేలుతుంది అన్నాడు మా తోడల్లుడు. ఎదురుగా ఇసుక లారీ వస్తే అందరం పక్కకి తప్పుకున్నాం. లారీ ఏ కొమ్మకీ తగలకుండా వెళ్లిపోయింది. చుట్ట కాల్చినంత సేపట్లో ఊళ్లో ఉన్నాం. నేను సైకిలు దిగి, గొలుసు చూస్తున్నట్టు కాసేపు వంగి నిలబడ్డాను.

ఊరి మొగదల కమాను నిలబడే ఉంది. మేం గోనెగుడ్డతో కట్టిందే. ఏటేటా మట్టితో కొంత, సిమెంటుతో కొంత పూడ్చుకుంటూ వచ్చారేమో, మా ప్లాస్టరు రవ్వంత కూడా మిగల్లేదు, ఆకారం మాత్రం అదే. జట్టులో ఒక కంప్యూటరు కుర్రాడు నన్ను దాని కింద నిలబెట్టి, ఇది గోలకొండ నవాబుల కాలంనాటిది అంకుల్, ఆ పువ్వు పనితనం చూడండి, ఇప్పుడెవరు చేస్తారు అని వివరించాడు. నేను కొత్తగా బళ్లో చేరినవాడిలా తలూపాను.

కమాను పక్కనే చాయ్ హోటలు. అందరూ బెంచీల మీద కూలబడితే, నేను ఎదురింటి మెట్టు ముందు నిలబడి ఏడో నంబరు రాయి చూస్తున్నాను. చాయ్ పోస్తున్న ఆవిడ గిన్నె దించి నా వైపు చూసింది. తల సగం నెరిసింది, నవ్వు మాత్రం నెరవలేదు.

"ఏంది సారూ, మొలతాడు గట్టిగుందా లేదా అని చూస్తున్నరా?"

పటేలు తాత కోడలు. రెండు చేతులూ జోడించాను. ఆవిడే అందుకుంది. "గిన్నేండ్లకు యాదికొచ్చినమా? మా మామ సచ్చేదాక రోడ్డు దిక్కు చూసిండు."

జట్టంతా చాయ్ గ్లాసులతో చుట్టూ చేరింది. చెప్పక తప్పలేదు. గడ నిలబెట్టిన దగ్గర్నుంచీ, చూడని బండిదారి దాకా అంతా చెప్పాను. కంప్యూటరు కుర్రాడు కమాను వైపొకసారి, నా వైపొకసారి చూసి, అంటే ఈ నవాబు మీరేనా అంకుల్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరం నవ్వాం.

మిగతా కథ ఆ అక్కే చెప్పింది, జట్టంతా ఆవిడని పిలిచేది అలాగే. రెండేళ్లు రాళ్లు కుప్పగా పడి ఉన్నాయట. మెట్టుకి ఒకరు, బట్టలుతికేందుకు ఒకరు అడగడం మొదలుపెడితే, పటేలు తాత ఇస్తానన్నాడట గానీ ఒక షరతు పెట్టాడట. రాయి మీది కాదు, కమానుది, అడిగిననాడు ఇయ్యాలె, నంబరు పైకి కనవడాలె. అందుకని ఇళ్లకి సున్నాలేసుకునే ప్రతిసారీ ఎవరి రాయి మీద నంబరు వాళ్లు దిద్దుకుంటూ వచ్చారు, నేను గీసిన గీతతో సహా. ఇప్పటి పిల్లలకి అదెందుకో కూడా తెలియదు. ఆరో రాయి ఇల్లు, పదో రాయి ఇల్లు అని ఇళ్లకి అవే గుర్తులు. పోస్టాయన కూడా అలాగే అడుగుతాడట.

"ఒకటి ఏది అని అందరడుగుతరు. మా మామ ఏమనేటోడో తెల్సా? అది ఆ పోరని కాడుంది, ఏడికి పోతడు, తెస్తడు అనేటోడు."

"నా దగ్గరే ఉందక్కా" అన్నాను. తులసి కుండీ కింద ఉందన్నాను.

మా తోడల్లుడు గ్లాసు కింద పెట్టేశాడు. "నేను వచ్చినప్పుడల్లా కాళ్లు ఆన్చుకుని కాఫీ తాగే రాయా, అన్నయ్యా?"

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. తులసిని వేరే పీట మీదికి మార్చి, రాయి మీద పేరుకున్న మట్టిని తనే కడిగింది. కడిగాక రేకుల మధ్య పసుపూ కుంకుమా పెట్టి, పుట్టింటికి పంపుతున్నట్టుంది అంది.

ఆ పై ఆదివారం సరుకుల ఆటోలో రాయినెక్కించి, దాని వెనకే జట్టుతో సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. ఆటోలో కూర్చోమని అందరూ అన్నారు, నాకు కూర్చోవాలనిపించలేదు. ఆటోవాడు గండిపేట దగ్గర ఆగి, ఏం రాయి సార్ ఇది, దేవుడా అని అడిగాడు. కాదు, ఊరిది అన్నాను.

దారి పొడుగునా మా జట్టు ఒక ఏర్పాటు చేసుకుంటూ వచ్చింది. రాళ్లన్నీ పోగుచేసి, మేస్త్రీని పెట్టి, అసలు కమాను మళ్లీ కట్టించెయ్యాలని. నాకూ గుండె పొంగింది. ఇచ్చిన మాట నిలబెట్టుకునే దారి దొరికిందనుకున్నాను. ఆ మాట అక్కతో అంటే, ఆవిడ మా అందరి మొహాలూ ఒకసారి చూసింది.

"మంచిగనే ఉన్నది. మరి మా ఇండ్లకు మెట్లు మీరు తెస్తరా? ఏడో రాయి మీద కూసోకుంటే ఎదురింటి ముసలామెకు బువ్వ సయిస్తదా? జర ఆలోచన చెయ్యున్రి."

మా ఏర్పాటు అక్కడే ఆగిపోయింది. అప్పుడావిడ మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లింది. ఇంటి ముందు పటేలు తాత చివరి రోజుల్లో కట్టించుకున్న అరుగు. రెండో నంబరు రాయీ, మూడో నంబరు రాయీ ఎదురెదురుగా పేర్చి, వాటి మధ్య పైన వెడల్పుగా, కింద సన్నగా ఒక ఖాళీ వదిలాడు. ఖాళీలో ఇసుక పోసి మంచినీళ్ల రంజను పెట్టి ఉంది. అక్క రంజను తీసి పక్కన పెట్టింది. ఇసుక మేమే తోడాం.

పువ్వురాయి దిగింది. పూర్తిగా సరిపోలేదు. ఆయన కొలత జ్ఞాపకం మీద పెట్టుకున్నది కదా, బొటనవేలంత పైకి నిలిచింది. చెక్కి సరిచేస్తానని ఎవరో అంటే అక్క వద్దంది. అంకె ఎప్పుడో చెరిగిపోయింది. సున్నం డబ్బా, వేపపుల్లా తెచ్చి నా చేతికిచ్చింది.

"ఒకటికి గూడ మొలతాడు కట్టకు సారూ" అంది.

విప్పేటప్పుడు మొదటిదైన రాయి, పెట్టేటప్పుడు ఆఖరుది. నేను పెట్టింది ఆ ఒక్కటే. మిగిలినవన్నీ ఊరు పెట్టుకుంది.

ఇప్పుడు మా జట్టుతో ప్రతిసారీ ఆ ఊరి దాకా వెళుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లకి ముందు సిమెంటు కమాను చూపించి, అది ఎవరి పనో చెప్పి, తర్వాత ఊళ్లో రాళ్లు వెతుక్కోమంటాను. అప్పటి జొన్నచేలు లేవు. మామయ్య లేడు. ఫిల్మ్‌నగర్ షెడ్ల చోట అద్దాల మేడలున్నాయి. ఈమధ్య ఒక చిత్రీకరణకి వెళితే దీపాలన్నీ చేతిసంచుల్లో పట్టే సైజులో ఉన్నాయి, జెనరేటరు బండి ఏదని అడిగితే అక్కడి కుర్రాళ్లు నవ్వారు. ఏ బండి కోసం ఒక కమానుని విప్పామో ఆ బండే ఇప్పుడు అక్కర్లేదు. మేం కట్టిన రాజమహళ్లన్నీ సాయంత్రానికి చెక్కలై లారీ ఎక్కేవి, వాటిలో ఒక్కదాని ఆచూకీ కూడా నేను చెప్పలేను. మేం విప్పేసిన ఆ ఒక్కటీ మాత్రం, మెట్టుకొకటి, అరుగుకొకటి, ఉతుకుడుబండకొకటి, ఊరంతా పరుచుకుని ఉంది. దాని కింద నుంచి ఊళ్లోకి పోయే రోజు మళ్లీ రాదు. ఎవరింటికెళ్లినా దాని మీద కాలు పెట్టే వెళ్లాలి.

చాయ్ తాగడానికి నేను పటేలు తాత అరుగు మీదే కూర్చుంటాను. ఆ బొటనవేలంత ఎత్తు తగులుతూనే ఉంటుంది. కొంచెం జరిగి కూర్చోమని అక్క అంటుంది. జరగను.